కళ్లు తెరిచి చచ్చేవాడు

నడిమిపాళెం మాల్యాద్రి ఇప్పటికి నూట పన్నెండు సార్లు చచ్చాడు. వేటకొడవలికి చచ్చాడు, తుపాకీకి చచ్చాడు, హీరో విసిరిన కొబ్బరిబోండాం నెత్తిన పడి చచ్చాడు. ఒకసారైతే హీరో చెయ్యి కూడా ఎత్తకుండా ఊరికే గుడ్లురిమి చూస్తే, గాల్లోకి ఎగిరి ఇసకదిబ్బ మీద పడి చచ్చాడు. ఆ చావులో మాత్రం రెండు పక్కటెముకలు నిజంగానే విరిగాయి.

నడిమిపాళెం బోగోలు అవతల, సముద్రం ఒడ్డున ఉంటుంది. చేపలవేట తప్ప ఇంకో పని తెలియని ఊరు. ఇసక తెల్లగా ఉంటుంది, సరుగుడు తోపు ఉంటుంది, పడవలు అద్దెకి దొరుకుతాయి. అందుకని ఏడాదికి నాలుగైదు సార్లు సినిమావాళ్లు దిగుతారు. వాళ్లు ఇక్కడికి ప్రేమించుకోవడానికి రారు. ఆ పాటలేవో గోవాలోనో వైజాగులోనో పాడుకుంటారు. నెల్లూరు తీరానికి వచ్చేది కొట్టుకోవడానికే.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక ఫైట్ మాస్టర్ తెచ్చుకున్న మనుషుల్లో ఒకడికి కాలు బెణికింది. పడవ దగ్గర నిలబడి వేడుక చూస్తున్న మాల్యాద్రిని వాడి చొక్కా తొడుక్కోమన్నారు. తొడుక్కున్నాడు. పడమంటే పడ్డాడు. చావమంటే చచ్చాడు. మామూలుగా సినిమాలో చచ్చేవాళ్లు కళ్లు మూసుకుంటారు, అయినా రెప్పలు టపటపలాడతాయి. మాల్యాద్రి కళ్లు తెరిచి చచ్చాడు. ఎండలో, ఉప్పునీళ్లలో రెప్పవెయ్యకుండా వలతాడు కనిపెట్టుకుని ఉండటం చిన్నప్పటి నుంచి అలవాటు. ముఖం మీద ఈగ వాలింది. ఎండ్రకాయ ఒకటి మోచేతి మీదుగా పాకి చంకలో దూరింది. మనిషి కదల్లేదు. కట్ చెప్పాక కూడా లేవకపోయేసరికి మేకప్ మ్యాన్ హడలిపోయి గుండె మీద చెవి పెట్టి చూశాడు. ఆ రోజు నుంచి ఈ తీరంలో ఏ ఫైటు తీసినా చచ్చేవాళ్లలో మొదటి పిలుపు మాల్యాద్రికే.

ఇన్నిసార్లు చచ్చినా ఒక్క సినిమాలోనూ అతని ముఖం కనపడలేదు. వీపు కనపడింది. కాళ్లు కనపడ్డాయి. హీరో బూటు కింద మెడ కనపడింది. కావలికి పోయి సినిమా చూసినప్పుడల్లా భార్య సుభాషిణి అడిగేది, "నువ్వు యాడుండావు మావా?"

"అదిగో, ఎర్ర చొక్కా. ఇసకలో బోర్లా పడుండానే, ఆడు."

"ఆ వీపు చూడ్డానికి టిక్కెట్టెందుకు? ఇంట్లో రోజూ చూస్తానే ఉండా."

ఆమె నవ్వులాటకి అనేది. మాల్యాద్రి కూడా నవ్వేవాడు. కానీ ఆ మాట లోపల ముల్లులాగా దిగబడి ఉండిపోయింది. చచ్చేలోపు ఒక్కసారి, పది సెకన్లు చాలు, తెర నిండా తన ముఖం సుభాషిణికి చూపించాలని అతని కోరిక. మనిషికి ఇంతకంటే చిన్న కోరిక ఏముంటుంది? దానికి ఎంత ఖరీదు పడిందో ముందు ముందు తెలుస్తుంది.

సుభాషిణికి ఒక తమ్ముడు, పెంచల్. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. అక్కే చంకనేసుకుని పెంచింది. పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు చీరలపెట్టె ఒక చేత్తో, వాణ్ణి ఒక చేత్తో పట్టుకొచ్చింది. ఇప్పుడు వాడికి ఇరవై మూడు. పాళెంలో వాడంత ఈతగాడు లేడు. బావని చూసి చూసి వాడికీ సినిమా పిచ్చి పట్టింది. ఇద్దరూ వల బాగుచేసుకుంటూ కూర్చుంటే ఇక పాఠాలే.

"మనకి సినిమా అంటే కథ కాదురా, దెబ్బ" అనేవాడు మాల్యాద్రి. "దెబ్బని బట్టి అది ఏం సినిమానో చెప్పొచ్చు. ఫ్యాక్షన్ సినిమా అయితే వేటకొడవలి. జానపదం అయితే కత్తి, అట్టకిరీటం కళ్ల మీదికి జారి మనల్ని మనమే గుద్దుకోని చస్తాం. మాస్ సినిమా అయితే నడుముకి తాడు. హీరో తన్నంగానే ఎనకమాల నలుగురు లాగుతారు, మనం ఎగరాల. సస్పెన్స్ సినిమాలో అయితే మొదట్లోనే చచ్చి బీరువాలో ఉండాల."

"దయ్యం సినిమా బావా?"

"దయ్యం కనపడదు గదా. మన మెడ మనమే పిసుక్కోవాల. అన్నిట్లోకి అదే కష్టం."

"కామెడీ?"

"దాని జోలికి పోబాక. అందులో చెంపదెబ్బ నిజంగానే కొడతారు. చప్పుడు బాగుంటే గాని జనం నవ్వరంట."

"కుటుంబ కథ?"

"అందులో మనకి పనుండదు. వాళ్లు మాటల్తోనే చంపుకుంటారు. ఒకసారి డాక్యుమెంటరీ అని వచ్చినారు. మీరు మీ మాదిరే ఉండండి అన్నారు. అంత ఇసుగు పని నేను జన్మలో చెయ్యలేదు."

ఎవరి పని ఏమిటో కూడా అతని లెక్కలో అతనికి ఉంది. డైరెక్టరు చంపమంటాడు. ఫైట్ మాస్టర్ ఎట్లా చంపాలో చూపిస్తాడు. హీరో చంపినట్టు చేతులూపుతాడు. కష్టమైన దూకుడు ఉంటే హీరో బదులు డూపు దూకుతాడు. మేకప్ మ్యాన్ రక్తం పూస్తాడు, కెమెరామన్ ఆ రక్తం అందంగా కనపడేట్టు చూస్తాడు, సౌండు వాళ్లు ముల్లంగి విరిచి ఎముక విరిగిన చప్పుడు పెడతారు. "ఆఖర్న ఎడిటరని ఒకడుంటాడు. మనం చచ్చి లేచి ఇసక దులుపుకునే ముక్క ఉంటాదే, అది కోసి పారేస్తాడు. ఇంతమంది కలిస్తేరా అబ్బయ్యా, ఒక చావు!"

పెంచల్ పడీ పడీ నవ్వేవాడు. కళ్లు తెరిచి చావడం బావ దగ్గరే నేర్చుకున్నాడు.

ఇక నడిమిపాళెం పద్ధతి ఒకటి చెప్పాలి. నీళ్లలోంచి మనిషి చెయ్యి పైకి లేస్తే, మొదట చూసినవాడు "చెయ్యీ!" అని కేక పెట్టాలి. కేక విన్నవాడు విన్నట్టే దూకాలి. ఎవరి చెయ్యి అని అడగకూడదు. అయినవాడా పగవాడా అనేది ఒడ్డుకి లాగాక చూసుకోవాలి. రెండేళ్ల కిందట పై ఊళ్ల నుంచి వచ్చిన మరపడవల వాళ్లు వలలు కోసేస్తే నడిసముద్రంలో కొట్లాట జరిగింది. రాళ్లు, తెడ్లు, సీసాలు. మాల్యాద్రికి నుదురు చీలి కన్ను కనపడకుండా రక్తం కారుతోంది. అంతలో అవతలివాడొకడు నీళ్లలో పడ్డాడు. చెయ్యీ అని ఎవరో అరిచారు. తలలు పగిలిన ఈ జనమే దూకి, వాణ్ణి జుట్టు పట్టి లాగి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించి, వాడు కళ్లు తెరిచాక మళ్లీ చితక్కొట్టారు.

చెయ్యి చూసి కూడా కదలనివాడికి శిక్ష ఉంది. ఉప్పునీళ్లలో నానబెట్టిన మోకుతాడుతో వీపు మీద పదకొండు దెబ్బలు. కొట్టేది పోయినవాడి ఇంటి మనిషే. తాతల కాలంలో ఒకడికి పడ్డాయని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరికీ ఆ అవసరం రాలేదు.

ఈ మాఘంలో వచ్చింది పెద్ద యాక్షన్ సినిమా. ఆరు భాషల్లో తీస్తున్నారట. మద్రాసు నుంచి బెన్హర్ అనే ఫైట్ మాస్టర్ వచ్చాడు. ముక్కు మీద కోపం, మెళ్లో ఈల. విలన్ ముఠా పడవ మీద హీరో ఒక్కడే దూకి అందర్నీ చంపేస్తాడు. ముఠాకి, ఒడ్డున నిలబడే జనానికి కలిపి అరవై మంది పాళెం వాళ్లు కావాలన్నారు. విలన్ తమ్ముడికి డూపుగా పెంచల్‌ని ఎంచుకున్నారు. వాడు గాల్లో పల్టీ కొట్టి పడవ మీంచి సముద్రంలో పడాలి.

పొద్దున బయల్దేరేటప్పుడు సుభాషిణి తమ్ముడి తలకి నూనె రాస్తూ మొగుడి వైపు చూసింది. "ఇంతవరకు నీ చావులే చూసినా మావా, అయ్యి నాకు అలవాటే. వీణ్ణి నీ చేతిలో పెడుతుండా. ఎట్టా తీసకపోతుండావో అట్టనే తెచ్చి నాకు అప్పజెప్పు."

"అక్కా, ఏం లేదే" అన్నాడు పెంచల్. "పడతా. ఒక్కసారి చెయ్యి లేపి మునగతా. పడవ కిందగా ఈది అవతల పక్క తేలతా. అంతే."

"ఒక్కసారే గదా?"

"ఒక్కసారే."

మాల్యాద్రి తల ఊపాడు. ఆ మాట ముగ్గురూ విన్నారు.

మొదటి టేక్ పదిన్నరకి. హీరో తన్నాడు. తాడు లాగారు. పెంచల్ పల్టీ కొట్టి నీళ్లలో పడ్డాడు, మునిగాడు, అనుకున్నట్టే ఒక చెయ్యి పైకి లేపాడు. ఒడ్డు మీద పెద్దకాపు హజరత్తయ్య నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, పాళెం పెద్ద. ఆయన గొంతే మొదట లేచింది.

"చెయ్యీ!"

అంతే. అరవై మందీ సముద్రంలో ఉన్నారు. విలన్ ముఠా దూకింది. అప్పుడే హీరో చేతిలో కుత్తుకలు తెగి పడున్న శవాలు లేచి దూకాయి. కెమెరా సామాను మోస్తున్న ఇద్దరు సామాను ఇసకలో పారేసి దూకారు. ఎనిమిది మంది కలిసి పెంచల్‌ని జుట్టు పట్టుకుని పైకి లేపితే వాడు "వదలండ్రా, షాటురా ఇది!" అని ఏడుపుగొంతుతో అరుస్తున్నాడు.

డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. హీరో బండెక్కి తలుపేసుకున్నాడు. బెన్హర్ నేరుగా మాల్యాద్రి దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాడు. కామెడీ సినిమాలో కొట్టినట్టు, నిజంగా. "మనుషుల్ని అదుపులో పెట్టలేనోడివి, నువ్వెందుకురా వచ్చావు?"

పెంచల్ తడిబట్టలతోనే బెన్హర్ మీదికి పోబోతే మాల్యాద్రి నడుం పట్టి ఆపాడు. చెవిలో గుయ్యిమంటోంది. పద్దెనిమిదేళ్లలో తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఇది కెమెరా లేకుండా తిన్న దెబ్బ.

కాసేపటికి అసిస్టెంట్ డైరెక్టర్ ఏంజెలిన్ వచ్చి అతన్ని పక్కకి పిలిచింది. ముందు షాట్‌లో రక్తం ఎడమ చెంప మీద ఉంటే తర్వాత షాట్‌లోనూ ఎడమ చెంప మీదే ఉండేట్టు చూసుకోవడం ఆ అమ్మాయి పని. పాపం మంచిది, చెప్పిన మాట కూడా మంచిదే. "అన్నా, సార్‌కి మీ చావు నచ్చింది. షాట్ మార్చారు. మీరు పడవ అంచున చచ్చి ఉంటారు. కెమెరా మీ కంటి మీద మొదలవుతుంది. మీ ముఖం తెర నిండా ఉంటుంది. మీ వెనక సముద్రంలో పెంచల్ పడి మునుగుతాడు. అంతా ఒకటే షాట్. మీరు కదిలితే మొత్తం పోతుంది."

తెర నిండా. మాల్యాద్రికి సుభాషిణి గుర్తొచ్చింది.

అతను హజరత్తయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "పెద్దయ్యా, దురాయి ఎయ్యాల."

దురాయి అంటే పెద్దకాపు కర్ర ఇసకలో గుచ్చి చెప్పే నిషేధం. అది పడితే పాళెంలో ఎవరూ దాటరు. ఫలానా రోజు వేటకి పోరాదని వేస్తారు, ఊళ్ల మధ్య పగ లేచినప్పుడు వేస్తారు. సినిమా కోసం ఎప్పుడూ వెయ్యలేదు.

"చెయ్యి లేస్తే పోరాదని దురాయా?" ముసలాయన ముఖం నల్లబడింది. "సముద్రానికి ఇది సినిమా అని తెలవదు గదరా మాల్యాద్రీ. మేమందరం కొయ్యబొమ్మల మాదిరి నిలబడితే పిలగాడికి కాపు ఎవురు?"

"నేనుండా గదా పెద్దయ్యా. నా పక్కనే గదా పడేది."

హజరత్తయ్య ఇసకలో కర్ర గుచ్చాడు. బెన్హర్ ఈల ఊదేదాకా ఎవరూ నీళ్లలో దిగరాదు, దురాయి అన్నాడు. అరవై మందీ తల ఊపారు.

ఈలోపు కాస్ట్యూమ్ అతను మాల్యాద్రి మొలలో ఉన్న వల కోసుకునే కత్తి తీసి పెట్టెలో పెట్టి, అదే పిడి ఉన్న రబ్బరు కత్తి దోపాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు పడవ బోసిగా ఉందని పాత వల ఒకటి తెచ్చి పక్కకి వేలాడగట్టారు. సగం వల నీళ్లలోకి దిగి, అలకి ఉబ్బుతూ ఉంది.

"సార్, వల అట్టా నీళ్లలోకి ఇడవబాకండి" అన్నాడు మాల్యాద్రి. "మా పడవల మీద ఎవురూ అట్టా కట్టరు."

"లుక్ కోసం" అన్నాడు మేకు కొడుతున్నవాడు.

మాల్యాద్రి బెన్హర్ వైపు చూశాడు. చెంప ఇంకా మండుతోంది. ఇంకోసారి అడిగి ఉంటే ఏం పోయేది? మహా అయితే రెండో చెంప వాచేది. అతను అడగలేదు. వెళ్లి పడవ అంచున పడుకుని కళ్లు తెరిచి చచ్చిపోయాడు.

మేకప్ మ్యాన్ ఎడమ చెంప మీద రక్తం పూశాడు. కెమెరా ముఖానికి జానెడు దూరానికి వచ్చి నిలబడింది. దాని గాజులో మాల్యాద్రికి తన ముఖం చిన్నదిగా కనపడింది. తన ముఖం వెనక సముద్రం కూడా ఆ గాజులోనే కనపడుతోంది. యాక్షన్ అన్నారు. పెంచల్ గాల్లో తిరిగి పడ్డాడు. మునిగాడు. చెయ్యి లేచింది, అనుకున్నట్టే, ఒకసారి. మళ్లీ మునిగింది. ఇక పడవ కిందగా పోయి అవతల పక్క వాడు ఊపిరి తీసుకునే చప్పుడు వినపడాలి. మాల్యాద్రి చెవులు అటే పెట్టుకుని ఉన్నాడు. చప్పుడు రాలేదు.

రెండో చెయ్యి లేచింది.

మాల్యాద్రికి తెలిసినంతవరకు అతను అప్పుడే లేచాడు. కెమెరాని తలతో గుద్ది పక్కకి తోసి "చెయ్యీ!" అని అరిచాడు. పడవ మీదా ఒడ్డునా ఉన్న అరవై మందీ కర్ర వైపు చూశారు. ఈల మోగలేదు. "పడుకోరా! షాట్ పోతుంది!" అని బెన్హర్ మానిటర్ ముందు నుంచి అరుస్తున్నాడు. మాల్యాద్రి దూకేశాడు.

నీళ్లలో పెంచల్ తలకిందులుగా వేలాడుతున్నాడు. నడుం తాడు వలలో మెలిపడింది, వల రెండు కాళ్లనీ చుట్టేసింది. మాల్యాద్రి మొలలో కత్తి లాగి వల మీద పెట్టి కోశాడు. కత్తి వంగిపోయింది. మళ్లీ కోశాడు. మళ్లీ వంగింది. అది రబ్బరుదని బుర్రకెక్కడానికి కూడా కొంతసేపు పట్టింది. దాన్ని పారేసి పళ్లతో కొరికాడు. చిగుళ్లు తెగి నోరంతా రక్తం. వలలో ఒక కన్ను తెగితే పక్కన పది కళ్లు. పెంచల్ చెయ్యి ఒకటి వచ్చి అతని మెడ పట్టుకుంది, గోళ్లు దిగేలా పట్టుకుంది, తర్వాత వదిలేసింది.

పైన హజరత్తయ్య దురాయి కర్ర పీకి మోకాలికేసి విరిచాడు. అరవై మందీ దూకారు. నిజం కత్తులతో వల కోసి పెంచల్‌ని ఒడ్డున పడేశారు. పొట్ట నొక్కారు, వీపు చరిచారు, తలకిందులు చేసి ఊపారు. వాడి పిడికిళ్లలో వల పోగులు బిగుసుకుపోయి ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

అప్పుడు మాల్యాద్రి లేచి తెడ్డు తీసుకున్నాడు. ఫైట్ మాస్టర్లు నేర్పింది ఒక్కటీ గుర్తులేదు. సినిమాలో దెబ్బ తగలకుండా జానెడు దూరంలో ఆపాలి. అతను ఆపలేదు. తెడ్డు బెన్హర్ దవడ మీద పడితే ముల్లంగి విరిగిన చప్పుడేమీ రాలేదు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు వచ్చింది. నాలుగు పళ్లు ఇసకలో పడ్డాయి. కిందపడ్డవాణ్ణి మళ్లీ భుజం మీద కొట్టాడు, మోచేతి మీద కొట్టాడు. పాళెం మొత్తం విరుచుకుపడింది. లైట్లు పగిలాయి, వ్యాన్ల అద్దాలు పగిలాయి, దొరికినవాడి తల దొరికినట్టు పగిలింది. హీరో బండి సరుగుడు తోపులోంచి పారిపోయింది. హజరత్తయ్య అడ్డంపడి బెన్హర్ మీద పడుకోకపోయి ఉంటే ఆ రోజు ఇంకో శవం లేచేది.

సుభాషిణి పరిగెత్తుకొచ్చింది. తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. పొద్దున రాసిన నూనె ఇంకా జుట్టులో ఉంది.

మాల్యాద్రి రక్తం కారే నోటితో శవం మీద చెయ్యేసి చెప్పాడు. "రెండో చెయ్యి లేవంగానే లేచినా మే. ఈడి మీద ఒట్టు. లేచి అరిచినా. వాళ్లే ఈల ఊదలా."

"నువ్వు లేచినావు మావా" అంది ఆమె. "నాకు తెలుసు. నువ్వు లేచినావు." ఆ తర్వాత రెండు రోజులూ ఆమె గుక్కెడు నీళ్లు తాగిందంటే ఆ మాట పట్టుకునే తాగింది.

పోలీసు కేసు పోలీసుల దగ్గర నడుస్తుంది. మూడో రోజు పొద్దున ఒడ్డున పాళెం పంచాయతీ కూర్చుంది. కంపెనీ సామానంతా వలల పాకలో ఆపి పెట్టారు కాబట్టి, అది విడిపించుకోవడానికి ప్రొడక్షన్ మేనేజర్, ఏంజెలిన్, దవడకి కట్టు కట్టుకుని బెన్హర్ రాక తప్పలేదు.

మాల్యాద్రి ఒళ్లో మోకు ఉంది. తెల్లారుజాము నుంచి తనే ఉప్పునీళ్లలో నానబెట్టాడు. "పెద్దయ్యా, ఈ మనిషి టీవీలో చెయ్యి చూసినాడు. చూసి కదల్లేదు. ఈల ఈయన నోట్లోనే ఉండాది. పదకొండు దెబ్బలు సుభాషిణి చేత్తో పడాల. మన రివాజు అది."

జనం అవునన్నారు. బెన్హర్ తల దించుకున్నాడు. అప్పుడు మేనేజర్ లేచాడు. "తప్పు మాదే, కాదనం. కానీ మాకు అది యాక్టింగో నిజమో తెలియలేదు. తెలిసినవాడు పడవ మీదే ఉన్నాడు. ఆయన లేవలేదు కాబట్టే మేం యాక్టింగ్ అనుకున్నాం."

మాల్యాద్రి ఎగిరి నిలబడ్డాడు. "నేను లేవలేదా? రెండో చెయ్యికే లేచినా! తీసినారు గదా బొమ్మ? పెట్టండి. పాళెమంతా చూస్తాది, పెట్టండి!"

"వద్దన్నా" అంది ఏంజెలిన్. "నేను చూశానన్నా. వద్దు."

"పెట్టు పాపా."

పాకలోంచి పెద్ద మానిటర్ తెచ్చి నీడలో బల్ల మీద పెట్టారు. జనం దగ్గరికి జరిగారు. సుభాషిణి అందరికంటే ముందు కూర్చుంది. ఇంకా ఎడిటర్ చెయ్యి పడని బొమ్మ అది. ఉన్నది ఉన్నట్టు ఉంది.

తెర నిండా మాల్యాద్రి ముఖం వచ్చింది. చెంప మీద రక్తం, తెరిచిన కన్ను, కనుబొమ్మ పక్కన పాత గాటు. పెళ్లయి పందొమ్మిదేళ్లకి సుభాషిణి తన మొగుణ్ణి మొదటిసారి తెర మీద చూసింది. బాగున్నాడు. నిజంగా బాగున్నాడు.

అతని చెవి వెనక సముద్రం ఉంది. పెంచల్ పడ్డాడు. చెయ్యి లేచింది, మునిగింది.

రెండో చెయ్యి లేచింది. తెర మీద ముఖం కదల్లేదు.

మూడో చెయ్యి లేచింది. నీళ్లని కొట్టింది. ముఖం కదల్లేదు. కంట్లో నల్లగుడ్డు మాత్రం గాజులో చెయ్యి కనపడే వైపు కొంచెం జరిగింది, చూసింది, మళ్లీ తన చోటికి వచ్చి నిలబడింది.

నాలుగోసారి వేళ్లే లేచాయి. అప్పుడు మాల్యాద్రి లేచాడు.

రెండో చెయ్యికే లేచానని మాల్యాద్రి అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. అతనికి అలాగే గుర్తుంది. ఇప్పుడు తెర మీద చూశాక అసలు సంగతి కూడా గుర్తొచ్చింది. రెండో చెయ్యి చూసి, కుర్రాడు ఎక్కువ చేస్తున్నాడు అనుకున్నాడు. మూడో చెయ్యి చూసి, గాజులో తన ముఖం చూసుకుని, ఇంకొక్క క్షణం అనుకున్నాడు.

"ఇంకోసారి ఎయ్యి" అంది సుభాషిణి.

ఏంజెలిన్ ఏడుస్తూనే మళ్లీ వేసింది. ముఖం వచ్చింది. సముద్రం వచ్చింది. పెంచల్ పడ్డాడు. ఒక చెయ్యి. మునిగింది. రెండో చెయ్యి లేచింది.

"చెయ్యీ!"

సుభాషిణి అరిచిన అరుపుకి పాళెం మొత్తం ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ముసలాళ్లు లేచారు, చంటిబిడ్డల తల్లులు లేచారు, కట్టు కట్టుకున్న బెన్హర్ కూడా సగం లేచాడు. నలుగురైదుగురు సముద్రం వైపు పరిగెత్తి నీళ్లలో మోకాళ్ల దాకా పోయాక ఆగారు. తెర మీద కదలనివాడు మాల్యాద్రి. ఇసకలో కదలనివాడూ మాల్యాద్రే. ఎక్కడివాడక్కడ కూలబడిపోయి ఉన్నాడు.

హజరత్తయ్య మాల్యాద్రి ముందుకి వచ్చాడు. "బెన్హర్ సంగతి తరవాత. దురాయి ఏసిన నా సంగతీ తరవాత. ముందు..." మోకు వైపు చూశాడు.

చెప్పాల్సిన పని లేదు. మాల్యాద్రి చొక్కా విప్పి పక్కన పెట్టాడు. మోకు రెండు చేతులతో సుభాషిణికి అందించాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఆమెకి బాగా తెలిసిన ఆ వీపు ఆమె వైపు తిప్పాడు. ఆమె ఏడవడం లేదు. మోకు పిడికిలికి ఒక చుట్టు చుట్టుకుంది. నీళ్లు ఇసకలోకి కారాయి.

మొదటి దెబ్బ పడకముందే మాల్యాద్రి కళ్లు మూసుకున్నాడు.